ఫిబ్రవరి పండగల క్యాలెండర్ మీరే వేసుకోవడం ఎలా?

శివరాత్రి ఈసారి ఫిబ్రవరిలోనా, మార్చిలోనా? రథసప్తమి జనవరిలోనే అయిపోయిందా? రంజాన్ ఎప్పుడు మొదలు? ఆఫీసు గ్రూపుల్లో, స్కూలు స్టాఫ్ రూముల్లో ఏటా ఇవే ప్రశ్నలు. పోయినేడాది క్యాలెండర్ ముందు పెట్టుకుని కొత్త ఏడాదికి తేదీలు వేసేవాళ్లు బోల్తా పడేది ఎక్కువగా ఈ నెలలోనే. ఎందుకంటే ఫిబ్రవరి పండగలన్నీ ఒకే లెక్క మీద నడవవు. కొన్నిటికి తేదీ ముఖ్యం, కొన్నిటికి వారం. కొన్ని చంద్రుణ్ణి చూసుకుని వస్తాయి, కొన్ని ఎక్కడో మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఉన్న ఈస్టర్‌ని బట్టి వెనక్కి లెక్కపెడితే తేలతాయి.

ఏ సంవత్సరానికైనా ఫిబ్రవరి పేజీని మీ అంతట మీరే తయారుచేసుకునే పద్ధతి ఇది. ఉదాహరణకి 2027 తీసుకుందాం. ఒక తెల్ల కాగితం, పెన్ను, పెన్సిల్, ఒక పంచాంగం ఉంటే చాలు. పంచాంగం లేకపోతే అమావాస్య, పౌర్ణమి సమయాలు చూపించే ఫోన్ యాప్ ఏదైనా సరిపోతుంది. పెన్సిల్ మాత్రం మర్చిపోవద్దు, దానితో పని ఉంది.

చాలామంది వాలెంటైన్స్ డే, సైన్స్ డే లాంటి మారని తేదీలు ముందు రాసేసి, మిగతావి ఇరికించడం మొదలుపెడతారు. నా సలహా దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ముందు అమావాస్యని పట్టుకోండి. ఫిబ్రవరిలో కదిలే పండగల్లో ముప్పాతిక వంతు దాని చుట్టూనే వస్తాయి.

1. ఎవరి కోసమో, ఏ ఊరికో తేల్చుకోండి

కాగితం పైన రెండు మాటలు రాయండి: ఈ క్యాలెండర్ ఎవరికి, ఏ ఊరి సమయానికి. ఊరు ఎందుకంటే, తిథి మొదలయ్యే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే అయినా గడియారంలో అది ఒక్కోచోట ఒక్కో గంట. హైదరాబాద్‌లో రాత్రయితే చికాగోలో అప్పటికి ఉదయమే. అందుకే అమెరికాలో ఉన్నవాళ్లు ఇక్కడి పంచాంగం చూసి పండగ చేసుకుంటే ఒక్కోసారి రోజు తేడా వస్తుంది. అక్కడి ఊరికి గణించిన పంచాంగం వేరే ఉంటుంది, అదే వాడాలి.

2. గడులు గీయండి

ఇది తేలిక. 28 రోజులంటే సరిగ్గా నాలుగు వారాలు. మామూలు సంవత్సరంలో ఫిబ్రవరిలో ప్రతి వారమూ కచ్చితంగా నాలుగేసి సార్లు వస్తుంది. 1వ తేదీ ఏ వారమో తెలిస్తే 8, 15, 22 కూడా అదే. పైగా మార్చి 1 నుంచి మళ్లీ అవే వారాలు అవే తేదీలకు వస్తాయి. 2027 ఫిబ్రవరి సోమవారంతో మొదలవుతుంది కాబట్టి సోమవారం నుంచి గీస్తే నాలుగే వరుసలు, ఒక్క గడి కూడా ఖాళీ ఉండదు.

లీపు సంవత్సరమైతే 29వ గడి చేర్చండి. 4తో భాగించబడితే లీపు, కానీ 100తో భాగించబడే ఏడాది 400తో కూడా భాగించబడాలి. అందుకే 2000 లీపు సంవత్సరం, 1900 కాదు, 2100 కాదు.

3. అమావాస్య, పౌర్ణమి సమయంతో సహా గుర్తించండి

ఇక్కడ తొందరపడొద్దు. తేదీ ఒక్కటే రాస్తే చాలదు, గంట కూడా కావాలి. 2027లో అమావాస్య ఫిబ్రవరి 6, భారత కాలమానం ప్రకారం రాత్రి 9.30కి కాస్త ముందు ముగుస్తుంది. పౌర్ణమి ముగిసేది 21 తెల్లవారుజామున, 5 గంటలు కాకముందే. ఈ రెండూ కాగితం మీద ఎర్ర చుక్కలుగా పెట్టండి.

ఒక అమావాస్య నుంచి మళ్లీ అమావాస్యకి సగటున 29.53 రోజులు. అంటే ఫిబ్రవరి కంటే చాంద్రమాసమే పెద్దది. కాబట్టి ఈ నెలలో అమావాస్యో పౌర్ణమో అసలు రాకుండా పోయే అవకాశం ఉంది. మరే నెలకీ ఆ వీలు లేదు. 2018 ఫిబ్రవరిలో పౌర్ణమి లేదు. జనవరి 31న ఒకటి వచ్చింది, మళ్లీ మార్చి మొదట్లోనే. మీ పేజీలో ఏదైనా చుక్క లేకపోతే కంగారు పడకుండా పక్క నెలలో వెతకండి.

4. మాఘమాసం పండగలు వేయండి

మాఘ శుద్ధ పాడ్యమి ఎప్పుడో తెలిస్తే మిగతాది వేళ్ల మీద లెక్క. శుద్ధ పంచమి వసంత పంచమి, శుద్ధ సప్తమి రథసప్తమి, పౌర్ణమి మాఘ పూర్ణిమ, బహుళ చతుర్దశి మహాశివరాత్రి. 2027లో 6వ తేదీ రాత్రి అమావాస్య వెళ్లిపోతుంది కాబట్టి 7వ తేదీ పాడ్యమి. అక్కణ్ణుంచి వసంత పంచమి 11, రథసప్తమి 13. పౌర్ణమి మాత్రం వేళ్ల మీద లెక్కపెడితే 21 వస్తుంది. కానీ పౌర్ణమి తిథి 21 సూర్యోదయానికి ముందే అయిపోతోంది కనుక మాఘ పూర్ణిమ 20వ తేదీన. తిథి ఎప్పుడూ 24 గంటలే ఉండదు, ఒక్కోసారి తగ్గుతుంది, ఒక్కోసారి పెరుగుతుంది. పక్షం చివరికి వచ్చేసరికి ఈ తేడా బయటపడుతుంది. అందుకే సమయం కూడా రాసుకోమన్నాను.

ఇక అసలు చిక్కు: తిథి రెండు రోజుల మీద పడినప్పుడు పండగ ఏ రోజు? ప్రతి పండగకీ తిథి ఉండాల్సిన వేళ ఒకటి ఉంది. రథసప్తమికి సూర్యోదయ వేళ సప్తమి ఉండాలి, సూర్యుడి పండగ కదా. వసంత పంచమికి చాలామంది చూసేది పొద్దుటిపూట పంచమి ఉందా అని. శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి ఉండాలి. 2026 చూడండి. చతుర్దశి ఫిబ్రవరి 15 సాయంత్రం 5 గంటల ప్రాంతంలో మొదలై 16 సాయంత్రం దాకా ఉంది. సూర్యోదయం లెక్కన అయితే 16 రావాలి. కానీ అర్ధరాత్రి చతుర్దశి ఉన్నది 15 రాత్రే, కాబట్టి శివరాత్రి 15నే. "పంచాంగంలో 16న చతుర్దశి అని ఉందే" అని వాదించేవాళ్లకి ఇదే జవాబు.

2025లో వసంత పంచమి ఇంకా రసవత్తరం. పంచమి ఫిబ్రవరి 2 ఉదయం 9 దాటాక మొదలై, 3 ఉదయం 7 లోపే ముగిసింది. చాలాచోట్ల 2న చేసుకున్నారు. ప్రయాగరాజ్ మహాకుంభమేళాలో వసంత పంచమి అమృత స్నానం 3న జరిగింది. రెండింటికీ ఆధారం ఉంది. ఇలాంటప్పుడు క్యాలెండర్‌లో రెండు తేదీలూ రాసి, మీవాళ్లు పాటించే సంప్రదాయానికి గుండ్రం చుట్టండి. ఎవరిది తప్పని తేల్చే పని మనకి వద్దు.

శివరాత్రి గురించి మరో ముక్క. మన పంచాంగంలో అది మాఘ బహుళ చతుర్దశి, ఉత్తరాదివాళ్ల పంచాంగంలో ఫాల్గుణ కృష్ణ చతుర్దశి. నెల పేరు వేరైనంత మాత్రాన పండగ వేరు కాదు. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్లకి పౌర్ణమితో. రాత్రి ఒక్కటే.

ఈ పండగలు ఏటా పది పన్నెండు రోజులు ముందుకి జరుగుతాయి. మధ్యలో అధిక మాసం వస్తే ఒక్కసారిగా 19 రోజుల దాకా వెనక్కి పోతాయి. శివరాత్రి 2024లో మార్చి 8, 2025లో ఫిబ్రవరి 26, 2026లో ఫిబ్రవరి 15. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి 2027లో మార్చి 6. అంటే మనం గీస్తున్న పేజీలో శివరాత్రే లేదు. దాన్ని అంచులో "మార్చి 6" అని రాసిపెట్టండి. లేకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేసి మర్చిపోయారంటారు. వసంత పంచమిదీ ఇదే తంతు: 2026లో జనవరి 23, 2027లో ఫిబ్రవరి 11.

మేడారం సమ్మక్క సారలమ్మ జాతర మాఘ పౌర్ణమి దగ్గర, రెండేళ్లకోసారి, సరి సంవత్సరాల్లో వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24, 2026లో జనవరి 28 నుంచి 31. 2027లో పెద్ద జాతర లేదు. బేసి సంవత్సరాల్లో జరిగేది మినీ మేడారం, దాన్ని పెద్ద జాతర అనుకుని సెలవు పెట్టేసుకోవద్దు.

5. అదే అమావాస్య మీద చైనా, కొరియా, వియత్నాం

చైనా కొత్త సంవత్సరం అమావాస్య రోజునే వస్తుంది, జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య. శీతకాలంలో పగలు అతి తక్కువగా ఉండే రోజు, అంటే డిసెంబర్ 21 లేదా 22 తర్వాత మామూలుగా రెండో అమావాస్య. 2025లో జనవరి 29, 2026లో ఫిబ్రవరి 17, 2027లో ఫిబ్రవరి 6. పదిహేనో రోజున దీపాల పండగ, 2027లో అది ఫిబ్రవరి 20. మన మాఘ పూర్ణిమ గడిలోనే పడింది చూడండి.

అయితే ఈ రెండు లెక్కలూ ప్రతిసారీ కలవవు. వాళ్లకీ అధిక మాసం ఉంది, కానీ మనకి వచ్చినప్పుడే వాళ్లకి రాదు. చైనాలో 2025లోనే వచ్చేసింది, మనకి 2026లో. అందుకే 2026లో మన వసంత పంచమి జనవరిలో అయిపోయాక ఎప్పటికో వాళ్ల కొత్త సంవత్సరం వచ్చింది. టిబెట్ వాళ్ల కొత్త సంవత్సరం లోసార్‌తోనూ ఇంతే. 2026లో చైనా పండగకి మర్నాడు, ఫిబ్రవరి 18న. 2025లో మాత్రం ఏకంగా నెల తర్వాత, ఫిబ్రవరి 28న.

మూడో మెట్టులో గంట రాసుకున్నాం కదా, అది మళ్లీ ఇక్కడ పనికొస్తుంది. 2027లో అమావాస్య ముగిసే క్షణం బీజింగ్ గడియారంలో ఫిబ్రవరి 6 అర్ధరాత్రికి నాలుగైదు నిమిషాల ముందు. సియోల్ గడియారం గంట ముందుంటుంది కాబట్టి అక్కడ అప్పటికి 7వ తేదీ వచ్చేసింది. ఫలితం: చైనాలో కొత్త సంవత్సరం 6న, కొరియాలో సొల్లాల్ 7న. 2007లో చైనాకి ఫిబ్రవరి 18, వియత్నాం తెత్ పండగ 17. అక్కడా కారణం అర్ధరాత్రి గీతే. 1985లో తేడా రోజు కాదు, నెల: వియత్నాంలో జనవరి 21, చైనాలో ఫిబ్రవరి 20. "ఆసియా అంతా ఒకే రోజు" అని కంపెనీ మెయిల్‌లో రాసే ముందు ఇది గుర్తుంచుకోండి.

6. ఈస్టర్ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ఫిబ్రవరి పేజీలో భస్మ బుధవారం (ఈస్టర్‌కి ముందు క్రైస్తవుల ఉపవాసాలు మొదలయ్యే రోజు) వేయాలంటే మార్చి, ఏప్రిల్ పేజీలు తిప్పాలి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారం ఈస్టర్. 2027లో పౌర్ణమి మార్చి 22, సోమవారం. కాబట్టి ఈస్టర్ మార్చి 28. చర్చి లెక్కలో ఆకాశంలోని పౌర్ణమి కాకుండా పాత పట్టికల్లోని పౌర్ణమి వాడతారు. చాలా ఏళ్లు రెండూ కలుస్తాయి, 2019లో మాత్రం కలవలేదు. ఆ ఏడాది మార్చి 21న పౌర్ణమి వచ్చినా ఈస్టర్ ఏప్రిల్ 21న జరిగింది. అందుకే మీ లెక్క అయ్యాక చర్చి క్యాలెండర్‌తో ఒకసారి పోల్చండి.

ఈస్టర్‌కి 46 రోజుల ముందు భస్మ బుధవారం, దానికి ముందు రోజు కార్నివాల్ సంబరాలు ముగిసే మంగళవారం. 46 రోజులు వెనక్కి లెక్కపెట్టే ఓపిక లేనివాళ్లకి ఒక కిటుకు. ఈస్టర్ మార్చిలో ఉంటే ఆ తేదీలోంచి 18 తీసేయండి, లీపు సంవత్సరమైతే 17. వచ్చేది ఫిబ్రవరి తేదీ. 28లోంచి 18 పోతే 10, అంటే 2027 ఫిబ్రవరి 10న భస్మ బుధవారం. ఈస్టర్ ఏప్రిల్‌లో ఉంటే ముందు 31 కలిపి తర్వాత తీసేయండి. 2026లో ఏప్రిల్ 5: 36లోంచి 18 పోతే ఫిబ్రవరి 18. జవాబు ఫిబ్రవరి రోజుల్ని మించిపోతే అది మార్చిలోకి పోయినట్టు. 2028 ఈస్టర్ ఏప్రిల్ 16. 47లోంచి 17 పోతే 30, అంటే మార్చి 1. దాని ముందు రోజు ఫిబ్రవరి 29. న్యూ ఆర్లీన్స్‌లో మార్డీ గ్రా, అంటే ఆ కార్నివాల్ మంగళవారం, ఆ ఏడాది లీపు రోజునే వస్తుంది!

కార్నివాల్ వేయాలనుకుంటే గోవాలో శనివారం మొదలై ఈ మంగళవారంతో ముగుస్తుంది. 2027లో 6 నుంచి 9 దాకా. రియో, వెనిస్ కార్నివాల్‌లు కూడా ఈ మంగళవారాన్నే పట్టుకుని నడుస్తాయి. రష్యాలో, మరికొన్ని దేశాల్లో ఆర్థడాక్స్ చర్చివాళ్ల ఈస్టర్ లెక్క వేరు, వాళ్ల అట్ల పండగ మాస్లెనిత్సాకి ఈ కిటుకు పనిచేయదు.

భస్మ బుధవారం ఎప్పుడూ అమావాస్యకి అటూ ఇటూగా, ఎక్కువగా అది దాటిన అయిదారు రోజుల్లోపే వస్తుంది. ఈస్టర్ పౌర్ణమి వెనకాలే వస్తుంది కదా, అక్కణ్ణుంచి నెలన్నర వెనక్కి వెళ్తే తగిలేది అమావాస్యే. 2026లో ఫిబ్రవరి 17 అమావాస్య రోజు చైనా కొత్త సంవత్సరం, మార్డీ గ్రా రెండూ కలిసొచ్చాయి. మర్నాడు లోసార్, భస్మ బుధవారం, సౌదీలో రంజాన్ మొదటి రోజు. అమావాస్యకి రెండు రోజుల ముందు మన శివరాత్రి. కాకతాళీయంలా కనిపిస్తుంది గానీ అందరూ చూసిన చంద్రుడు ఒక్కడే.

7. రంజాన్‌ని పెన్సిల్‌తో రాయండి

ఇస్లామిక్ క్యాలెండర్‌లో అధిక మాసం లేదు. ఏడాదికి 354 లేదా 355 రోజులే కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతూ, దాదాపు 33 ఏళ్లకి అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. 2025లో సౌదీలో మార్చి 1న, భారత్‌లో 2న మొదలైంది. 2026లో ఫిబ్రవరి 18, 19. 2027లో అమావాస్య 6 రాత్రి కాబట్టి నెలవంక 7 సాయంత్రమో 8 సాయంత్రమో కనిపించాలి. మొదటి ఉపవాసం 8న గానీ 9న గానీ. కనిపించిన సాయంత్రమే నెల మొదలవుతుంది, ఉపవాసం మర్నాటి నుంచి. నెలవంక చూశామని ప్రకటించేదాకా పెన్ను ముట్టుకోవద్దు.

క్యాలెండర్ ఆఫీసు కోసమో స్కూలు కోసమో అయితే ఒక్క మొదటి రోజు రాసి ఊరుకోవద్దు. నెల పొడుగునా లేత రంగు గీత గీయండి. 2027 ఫిబ్రవరిలో 9 నుంచి చివరిదాకా ఉపవాస దినాలే. టీమ్ లంచ్‌లు ఆ ముందే పెట్టుకోవచ్చు, సాయంత్రం మీటింగులు ఇఫ్తార్ వేళకి ముందే ముగించవచ్చు. తేదీ తెలుసుకున్నందుకు అసలు ప్రయోజనం ఇదే.

8. వారాన్ని బట్టి వచ్చేవి

అమెరికాలో బంధువులో, క్లయింట్లో ఉంటే ప్రెసిడెంట్స్ డే వేయాలి. ఫిబ్రవరి మూడో సోమవారం, కెనడాలో చాలా రాష్ట్రాలకి అదే రోజు ఫ్యామిలీ డే. మూడో సోమవారం ఎప్పుడైనా 15కీ 21కీ మధ్యే ఉంటుంది, 2027లో 15న. తమాషా ఏంటంటే ఆ సెలవుకి అధికారిక పేరు ఇప్పటికీ వాషింగ్టన్ పుట్టినరోజే, ఆయన పుట్టింది ఫిబ్రవరి 22న. ఈ లెక్కలో సెలవు ఎన్నటికీ 22న రాదు.

9. ఇప్పుడు మారని తేదీలు

వీటిని ఆఖర్న రాయమన్నది, ఇవి ఎటూ పోవు కాబట్టి. అన్నీ ఎక్కించకండి, ఐక్యరాజ్యసమితి దినాలన్నీ రాస్తే గడుల్లో చోటు చాలదు. 2న చిత్తడి నేలల దినోత్సవం (1971లో అదే రోజు ఇరాన్‌లోని రామ్‌సర్‌లో ఒప్పందం కుదిరింది), అమెరికాలో గ్రౌండ్‌హాగ్ డే. 4న క్యాన్సర్ దినోత్సవం, శ్రీలంక స్వాతంత్ర్య దినం. 13న సరోజినీ నాయుడు జయంతి, మన దేశంలో జాతీయ మహిళా దినోత్సవం. 14 చెప్పనక్కర్లేదు. 19న మహారాష్ట్రలో శివాజీ జయంతి.

రెండు తేదీల దగ్గర జనం తరచూ పొరపడతారు. 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. 1952లో ఢాకాలో బంగ్లా భాష కోసం ఊరేగిన వాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపిన రోజు అది, 1999లో యునెస్కో ప్రకటించింది. తెలుగు భాషా దినోత్సవం ఇది కాదు, అది గిడుగు రామమూర్తి జయంతి, ఆగస్టు 29. అలాగే 28న జాతీయ సైన్స్ దినోత్సవం సి.వి. రామన్ పుట్టినరోజు అనుకుంటారు. ఆయన పుట్టింది నవంబర్ 7. ఫిబ్రవరి 28 రామన్ ఎఫెక్ట్ కనుగొన్న రోజు, 1928లో. స్కూల్లో బ్యానర్ రాయించే ముందు ఈ రెండూ చూసుకోండి.

మారదు అనిపించినా మారేది ఒకటుంది. జపాన్‌లో గింజలు చల్లి దుష్టశక్తుల్ని తరిమే సెత్సుబున్ దాదాపు ఎప్పుడూ ఫిబ్రవరి 3నే. కానీ అది సూర్యుడి గతిని బట్టి వచ్చేది. 2021లో 2న వచ్చింది, 2025లోనూ 2నే.

10. సరిచూసి, పంచేయండి

పేజీ నిండాక మూడు చోట్ల సరిచూడండి. మాఘమాసం పండగలకి మీ ఊరి పంచాంగం లేదా దగ్గర్లోని గుడి ప్రకటన. సెలవులకి రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు, ఎందుకంటే పండగ ఉన్నంత మాత్రాన సెలవు ఉండదు. కొన్ని సాధారణ సెలవులు, కొన్ని ఐచ్ఛిక సెలవులు, వాటికి ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. విదేశీ పండగలకి ఆ దేశపు అధికారిక సెలవుల జాబితా. మూడింటిలో ఏది మీ లెక్కతో కలవకపోయినా వెంటనే కొట్టేయకండి. ముందు గంట చూడండి, తర్వాత ఏ వేళకి తిథి ఉండాలో చూడండి. తేడా సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

శుభాకాంక్షలు పంపే గ్రూపులకి ఇస్తుంటే తేదీ పక్కనే పండగ స్వభావం కూడా ఒక్క ముక్కలో రాయండి. భస్మ బుధవారం పశ్చాత్తాపంతో ఉపవాసం మొదలయ్యే రోజు, "హ్యాపీ" అని పూలబొమ్మ పంపితే బాగోదు. మాతృభాషా దినం వెనక ప్రాణాలు పోగొట్టుకున్న విద్యార్థులున్నారు. శివరాత్రికి ఉపవాసం, జాగరణ. ఆ రోజు మధ్యాహ్నం స్వీట్ల పార్టీ పెడితే సగం మంది ముట్టుకోరు.

చివరగా కాగితాన్ని ఫోటో తీసి పంపేటప్పుడు పెన్సిల్‌తో రాసిన తేదీల పక్కన "నెలవంకని బట్టి" అని తప్పకుండా చేర్చండి. 2027కైతే ఫిబ్రవరి 7, 8 సాయంత్రాలు వార్తలు చూసి, తేదీ ఖాయమయ్యాక పెన్నుతో దిద్ది రెండో ఫోటో పంపండి.